నడుములో సూది, నోట్లో కొంగు

నడుములో సూది అంటే తిరుపతి, చిత్తూరు వైపు ఇప్పటికీ ఒక జంకు. "ఆ సూది ఏయించుకుంటే బతుకంతా నడుము నొప్పే" అనే మాట ప్రతి వీధిలోనూ వినిపిస్తుంది. చెప్పేవాళ్లు గాలిమాటగా చెప్పరు, తమ నడుమునే సాక్ష్యం పెడతారు. కాస్త ఆగి వివరం అడిగితే, ఆ సాక్షుల్లో ఎక్కువమంది సూది వేయించుకున్నది నొప్పులు తగ్గడానికి కాదు, సిజేరియన్ కోసమని తెలుస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42.4 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 63 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 26.6. సిజేరియన్లలో చాలావాటికి మత్తు ఇచ్చేది వెన్నులోనే. పురిటి నొప్పులు తగ్గించే సూదిని భయపడి వద్దనే ఇళ్లలోనే, కోత కోసం దాదాపు అదే చోట సూది గుచ్చుతామంటే ఎవరూ అడ్డు చెప్పడం లేదు.

దీన్ని జనం అజ్ఞానం కింద రాసేసి చేతులు దులుపుకోవడం తేలిక. డాక్టర్లతో మాట్లాడితే సగం మంది అదే చెబుతారు: "మావాళ్లు ఒప్పుకోరండీ." నాకు ఆ జవాబు మీద నమ్మకం లేదు. ఒప్పుకోకపోవడానికి ముందు ఎవరో ఒకరు అడగాలి. నొప్పి లేకుండా కనే దారి ఒకటుందని ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో తీరిగ్గా కూర్చోబెట్టి చెప్పిన తర్వాత "వద్దు" అన్నవాళ్లు ఎంతమంది? మన దేశంలో గర్భిణుల మీద జరిగిన సర్వేలు చాలావరకు ఒకే సంగతి తేల్చాయి: వద్దనేవాళ్లకంటే అసలు అలాంటిది ఉందని తెలియనివాళ్లే ఎక్కువ.

అయినా జనం మాటను ముందు వినాలి. అరవై దాటిన అవ్వల దగ్గర కూర్చుంటే కాన్పు కథలు యుద్ధం కథల్లా సాగుతాయి. "నేను ఆరుమందిని కంటి. నోట్లో కొంగు కుక్కుకున్యా గానీ ఒక్క కేక ఎయ్యలా." ఇందులో గొప్ప ఉంది, అది ఉత్త గొప్ప కాదు. చదువూ ఆస్తీ మాట నెగ్గించుకునే హక్కూ లేని బతుకులో, పూర్తిగా తనదని చెప్పుకోడానికి ఆమెకు మిగిలిన ఘనకార్యం అదొక్కటే. గొడ్రాలికేం తెలుసు పురిటి నొప్పులు అనే క్రూరమైన సామెత కూడా ఆ లెక్కలోంచే పుట్టింది: నొప్పి పడ్డవాళ్లది ఒక కూటమి, పడనివాళ్లు బయటివాళ్లు. ఆ కూటమిలో పెద్దరికం సంపాదించుకున్న అత్తగారికి, కోడలు ఫోన్ చూసుకుంటూ బిడ్డను కనడం మింగుడుపడదు. అందులో అసూయ కొంత ఉండొచ్చు. కానీ ఎక్కువగా ఉన్నది తాను పడ్డ కష్టానికి విలువ లేకుండా పోతుందేమోనన్న బాధ.

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆనవాయితీ కాబట్టి, ఈ విషయంలో తల్లి మాట అత్త మాటకంటే ముందుంటుంది. తల్లి భయం వేరు. కూతురికి ఏమైనా అయితే అల్లుడికీ వియ్యాలవారికీ తాను జవాబు చెప్పాలి. ఖర్చు ఆమె వైపే, బాధ్యతా ఆమె వైపే. ఎవరూ వేయించుకోని సూదిని తన బిడ్డకు వేయించి రేపు మాటపడటమెందుకని ఆమె వెనకాడుతుంది. డాక్టరమ్మ "ఆపరేషన్ చెయ్యాలి" అంటే మాత్రం ఆ బాధ్యత డాక్టరమ్మ మీదకు పోతుంది. సూది మీద కంటే కోత మీద ధైర్యం ఎక్కువ కావడానికి ఇదొక కారణమని నా ఊహ.

నొప్పిని ఓర్చుకోవడాన్ని గౌరవించినంత మాత్రాన మనవాళ్లు నొప్పిని కోరుకున్నారని కాదు. తంజావూరు జిల్లాలోని తిరుకరుకావూరు గర్భరక్షాంబిక గుడికి చిత్తూరు వైపు నుంచి వెళ్లేవాళ్లు ఉన్నారు. సంతానం కోసం అక్కడ నెయ్యి ప్రసాదంగా ఇస్తారు, సుఖప్రసవం కోసం ఆముదం ఇస్తారు. నెలలు నిండాక ఆ ఆముదాన్ని పొట్టకు రాసుకుంటారు. తిరుచిరాపల్లి కొండ మీది తాయుమానవర్ గుడి కథ ఇంకా గొప్పది: కావేరి వరద వల్ల తల్లి రాలేకపోతే, నొప్పులు పడుతున్న భక్తురాలికి శివుడే తల్లి వేషంలో వచ్చి పురుడు పోశాడు. ఇంట్లోనైతే మిరియాల కషాయం, జీలకర్ర నీళ్లు, నడుముకు వేడినీళ్లు. ఇవన్నీ ఏమిటి? నొప్పి తగ్గించమని అడగడమే కదా. చరక సంహిత శారీరస్థానంలో ఒక వాదం నమోదై ఉంది. నొప్పులు పడుతున్న స్త్రీ చేత రోకలితో దంపించాలని కొందరంటే, ఆత్రేయుడు దాన్ని తోసిపుచ్చాడు. గర్భిణికి కఠిన శ్రమ కూడదనీ, అటూ ఇటూ నడిపించాలనీ, నడుమునూ పక్కలనూ నూనెతో మెల్లగా మర్దన చేయాలనీ చెప్పాడు. నొప్పి పడటమే పుణ్యమన్న మాట అక్కడ లేదు.

నొప్పి పడటమే ధర్మమన్న చిక్కు నిజంగా ఎదురైంది క్రైస్తవ దేశాల్లో. 1847లో ఎడిన్‌బరోలో డాక్టర్ జేమ్స్ యంగ్ సింప్సన్ కాన్పుల్లో మొదట ఈథర్, ఆ ఏడాదే క్లోరోఫామ్ వాడినప్పుడు, వేదనతోనే పిల్లల్ని కనాలన్న బైబిలు ఆదికాండం మాటను ఎత్తి చూపినవాళ్లున్నారు. 1853లో విక్టోరియా రాణి డాక్టర్ జాన్ స్నో చేత క్లోరోఫామ్ ఇప్పించుకుని రాకుమారుడు లియోపోల్డ్‌ను కన్నాక ఆ గొంతులు తగ్గాయి. రాణిగారికి లేని పాపం మనకెందుకన్నారు జనం. మరో 35 ఏళ్లకు, 1888, 1889లో, క్లోరోఫామ్ ఎంత సురక్షితమో తేల్చడానికి రెండు కమిషన్లు పనిచేసింది మన హైదరాబాద్‌లోనే. నిజాం డబ్బుతో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పూనికతో జరిగిన పని అది. అక్కడే వైద్యం చదివిన రూపాబాయి ఫర్దూంజీ మత్తు ఇవ్వడంలో ఆరితేరింది. ఆ రోజుల్లో ఆ పని చేసిన ఆడవాళ్లు ప్రపంచంలోనే అరుదు. మత్తుమందు చరిత్రలో తెలుగునేలకు అంత పేరుంది. ఆ మత్తు పురిటిగదిదాకా మాత్రం రాలేదు.

మన వైపు పురిటిగదికి చేరాల్సిన మొదటి వస్తువు మత్తు కాదు, ప్రాణం నిలబెట్టే చెయ్యి. 1890ల్లో తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలకు సాయం రమ్మని ఐడా స్కడ్డర్ అనే యువతిని అడిగారు. ఆమెకు వైద్యం రాదు. డాక్టరైన ఆమె తండ్రిని, మగవాడని, వాళ్లు వద్దన్నారు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్లూ పోయారు. ఆమె అమెరికా వెళ్లి వైద్యం చదివి, 1900లో తిరిగొచ్చి వేలూరులో మొదలుపెట్టిందే తర్వాత సీఎంసీ ఆసుపత్రి అయింది. అప్పటికి వేలూరూ చిత్తూరూ ఒకటే జిల్లా, ఉత్తర ఆర్కాటు. ఆ జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరే. 1911లో చిత్తూరు వేరు జిల్లా అయినా, చిత్తూరు, పలమనేరు, గుడిపాల వైపు జనానికి పెద్ద కష్టం వస్తే వేలూరు పోవడం నేటికీ మారలేదు. 1911లోనే మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి వచ్చింది. తిరుపతిలో 1960లో శ్రీ వెంకటేశ్వర వైద్య కళాశాల, దాని వెంట రుయా ఆసుపత్రి, ప్రసూతి ఆసుపత్రి, 1993లో స్విమ్స్, 2014లో పద్మావతి మహిళా వైద్య కళాశాల. మంత్రసాని చేతి నుంచి కాన్పు డాక్టరు చేతికి మారడానికి వందేళ్లు పట్టింది. 2005లో జననీ సురక్షా యోజన, అదే ఏడాది 108 బండ్లు, ఆశా కార్యకర్తలు కలిసి చివరి మెట్టు ఎక్కించారు. 2019-21 నాటికి రాష్ట్రంలో ఆసుపత్రి కాన్పులు 96.5 శాతం.

ఈ విజయాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు ఓపిక లేదు. ఇంటి కాన్పుల్లో చచ్చిపోయిన తల్లులు తిరిగొచ్చి కథ చెప్పరు కాబట్టే పాతకాలం తియ్యగా కనిపిస్తుంది. అయితే ఇల్లు వదిలి ఆసుపత్రికి వచ్చినప్పుడు ఆడది కొన్ని పోగొట్టుకుంది. నడుము నిమిరే అమ్మ చెయ్యి లేబర్ రూమ్ తలుపు బయటే ఆగిపోయింది. అటూ ఇటూ నడవడం పోయి, బల్ల మీద వెల్లకిలా పడుకోవడం వచ్చింది. ఆసుపత్రి కొత్తగా ఇచ్చినవాటిలో నొప్పుల మందు ఉంది, నొప్పి మందు లేదు. గ్లూకోజు సీసాలో ఆక్సిటోసిన్ కలిపి ఎక్కిస్తే నొప్పులు ఎక్కువసార్లు, ఎక్కువ జోరుగా వస్తాయి. కాన్పు సాగనప్పుడు అది అవసరమైన మందే. కానీ ఆ మందుతో వచ్చే నొప్పి తనంతట తాను వచ్చే నొప్పికంటే గట్టిదని ఒకసారి పడ్డవాళ్లందరూ చెబుతారు. విదేశాల్లో ఆ మందు పెట్టేటప్పుడు నొప్పి తగ్గించే దారి కూడా పక్కనే చూపిస్తారు. మన దగ్గర నొప్పులు తెప్పించే సూదికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, తగ్గించే సూదికి ఇంటిల్లిపాదీ ఒప్పుకోవాలి.

లేబర్ రూముల్లో పడే మాటల సంగతి ఇక్కడ దాటవేయలేను. "అప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకు?" అన్న వెకిలి మాట, తొడ మీద దెబ్బ, మత్తివ్వకుండా వేసిన కుట్లు: ఒక ఊరిదో ఒక ఆసుపత్రిదో కాదు, దేశం మొత్తం మీద ఆడవాళ్లు చెప్పుకునే అనుభవాలివి. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రత్యేకంగా ఒక ప్రకటన చేసి, కాన్పు సమయంలో అవమానించడం, కొట్టడం హక్కుల ఉల్లంఘన అని చెప్పాల్సివచ్చింది. ఒకే నర్సు నలుగురైదుగురిని చూసుకోవాల్సిన చోట, అరుపు వినిపించిన కొద్దీ విసుగు పెరుగుతుంది. అరవని ఆడది మంచి పేషెంటు అవుతుంది. ఇంట్లో అవ్వ నేర్పిన ఓర్పూ, ఆసుపత్రి కోరే ఓర్పూ అక్కడ కలుస్తాయి. వేర్వేరు అవసరాల కోసమే అయినా, నోరు మూసుకోమనడంలో రెండూ ఒకటే.

ఇంతకీ నొప్పి తగ్గించే దారులేమున్నాయి? మన ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడేది ట్రమడాల్ సూది, దానితోపాటు గర్భాశయ ముఖద్వారం త్వరగా తెరుచుకోవాలని డ్రోటవెరిన్. ముంబై డాక్టర్ శిరీష్ డఫ్తరీ ఇలాంటి చవకైన మందులనే ఒక క్రమంలో పెట్టి, మత్తు డాక్టరు లేని చోట కూడా పనికొచ్చే పద్ధతి తయారుచేశాడు. వీటితో నొప్పి పదును తగ్గుతుంది, పోదు. వాంతులు, మగత రావచ్చు. ఇంకొకటి ఎంటోనాక్స్: సగం నైట్రస్ ఆక్సైడ్, సగం ఆక్సిజన్ కలిపిన గాలి. నొప్పి వస్తున్నప్పుడు తల్లే మాస్కు పట్టుకుని పీల్చుకుంటుంది, నొప్పి పోగానే తీసేస్తుంది. 1961లో బ్రిటన్‌లో ఈ కలిపిన సిలిండరు వచ్చింది. అక్కడ అది మంత్రసానుల చేతిలోనే ఉంటుంది, మత్తు డాక్టరు రానక్కర్లేదు. మన జిల్లా ఆసుపత్రులకు ఇంత సరిపోయే సాధనం మరొకటి లేదనిపిస్తుంది. కానీ దాని పేరైనా విన్న గర్భిణులు అరుదు.

అన్నిటికంటే గట్టిది ఎపిడ్యూరల్. జనం భయపడే "నడుములో సూది" ఇదే. నడుము ఎముకల మధ్యలో, వెన్నుపామును చుట్టుకున్న పొరకు బయట ఉండే సన్నటి సందులోకి సూది పంపి, దాని గుండా దారంలాంటి గొట్టం ఎక్కించి సూదిని తీసేస్తారు. నడుములో ఉండిపోయేది గొట్టమే, సూది కాదు. ఈ చిన్న సంగతి చెబితేనే సగం భయం పోతుంది. ఆ గొట్టంలోంచి బుపివకైన్ లాంటి మొద్దుబార్చే మందు పలచగా, కొంచెం ఫెంటనిల్ కలిపి ఇస్తారు. పావుగంట, ఇరవై నిమిషాల్లో నొప్పి అణుగుతుంది. మనిషి మెలకువగానే ఉంటుంది, కాళ్లు కదుపుతుంది, పొట్ట బిగుసుకోవడం తెలుస్తూనే ఉంటుంది. సిజేరియన్‌కు ఎక్కువగా ఇచ్చే స్పైనల్ వేరు. దానిలో సూది ఆ పొరను దాటి లోపలి నీటిలోకి పోతుంది, ఒకేసారి మందు ఇచ్చి తీసేస్తారు, కింది భాగం పూర్తిగా మొద్దుబారుతుంది. కాన్పు మధ్యలో ఆపరేషన్ అవసరమైతే, ముందే వేసిన ఎపిడ్యూరల్ గొట్టంలోనే మందు పెంచి కోత మొదలుపెట్టవచ్చు.

భయాలకు ఆధారం ఎంత? 2018లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 40 పరిశోధనలను, 11 వేల మందికి పైగా తల్లుల వివరాలను కలిపి చూసింది. ఎపిడ్యూరల్ వల్ల సిజేరియన్లు పెరగలేదు. దీర్ఘకాలపు నడుము నొప్పి పెరగలేదు. పుట్టిన బిడ్డ స్థితిలోనూ తేడా కనిపించలేదు. నష్టాలు లేవని కాదు: రక్తపోటు పడిపోవచ్చు, జ్వరం రావచ్చు, కాళ్లు బరువెక్కవచ్చు, ముక్కే దశ కొంత సాగవచ్చు. పాతకాలపు ఎక్కువ మోతాదుల్లో పట్టుకారుతో బిడ్డను లాగాల్సిరావడం కూడా పెరిగేది, కొత్త పద్ధతుల్లో ఆ తేడా కనిపించలేదు. నూటికి ఒకరికి, పొరలో చిల్లు పడి, కొన్ని రోజులు తీవ్రమైన తలనొప్పి ఉంటుంది. రక్తం గడ్డకట్టే గుణం తక్కువున్నవాళ్లకు ఇది వేయకూడదు. దాచకుండా చెబితే ఒప్పుకోలేనంత నష్టాలు కావివి. ఇవి చెప్పకుండా "ఏమీ కాదు" అని తేల్చేసే ప్రకటన బోర్డులే అనుమానాన్ని పెంచుతాయి.

మరి నడుము నొప్పి? అది అబద్ధం కాదు. ఆడవాళ్ల నడుములు నిజంగానే నొస్తున్నాయి. గర్భంలో కీళ్ల బంధాలు సడలుతాయి, ముందుకు బరువు పడుతుంది, కాన్పు తర్వాత వంగి వంగి పాలివ్వడం, నిద్రలేమి, రక్తహీనత కలుస్తాయి. బాలింత మూణ్ణెల్లు తిరక్కముందే పాల క్యాన్లు మోసి, పేడ ఎత్తి, వేరుశెనక్కాయ కొట్టే కొట్టానికి పోతుంది. చిత్తూరు జిల్లా పాడి ఎవరి నడుము మీద నడుస్తోందో ఆ ఊళ్లలో అందరికీ తెలుసు. సూది వేయించుకోనివాళ్లకీ నడుము నొప్పి ఉంది. వాళ్ల దగ్గర వేలెత్తి చూపడానికి సూది మచ్చ లేదు, అంతే.

ఇప్పుడు మొదటి చిక్కుకు వద్దాం. సూది వద్దంటున్న చోట సిజేరియన్ ఎందుకు ఇంత పెరిగింది? డబ్బు, డాక్టరు తీరిక, కోర్టు కేసుల భయం, ముందు కాన్పు సిజేరియన్ కావడం, ముహూర్తం చూసి కడుపు కోయించడం: కారణాలు చాలానే చెప్పుకున్నాం, పత్రికలు రాశాయి, మంత్రులు మందలించారు. పక్క తెలంగాణలో 60.7 శాతం. ఈ చర్చలో అరుదుగా వినిపించే కారణం ఒకటుంది, నొప్పి. "ఓర్చుకోలేను, ఆపరేషన్ చేసేయండి" అని పది గంటలు నొప్పులు పడ్డ పిల్ల ఏడిస్తే, బయట నిలబడ్డ తండ్రి గుండె నీరవుతుంది, సంతకం పెడతాడు. కొందరు ముందే, నొప్పులు రాకుండానే, తేదీ ఖాయం చేసుకుంటారు. దాన్ని ముహూర్తమని చెప్పుకోవడం సులభం, భయమని చెప్పుకోవడం కష్టం. నొప్పికి వేరే మందు లేని చోట కత్తే మందయింది. సిజేరియన్లు తగ్గించాలని లెక్కలడిగే ప్రభుత్వాలు నొప్పి తగ్గించే ఏర్పాటు గురించి అడగడం నేను వినలేదు. ఒకదాన్ని మూసి రెండోది తెరవకపోతే, మిగిలేది బల్ల మీద ఒంటరిగా అరిచే ఆడదే.

చైనా ఈ పాఠాన్ని ఘోరంగా నేర్చుకుంది. 2017 ఆగస్టులో యూలిన్ నగరంలో నొప్పులు పడుతున్న ఒక 26 ఏళ్ల స్త్రీ, సిజేరియన్ చేయమని వేడుకున్నా జరగక, ఆసుపత్రి మేడ మీద నుంచి దూకి చనిపోయింది. ఆసుపత్రి కుటుంబం ఒప్పుకోలేదంది, కుటుంబం ఆసుపత్రిదే తప్పంది. ఆ దేశమంతా రగిలింది. మరుసటి ఏడాది అక్కడి ప్రభుత్వం కాన్పు నొప్పి నివారణను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2019లో 900కు పైగా ఆసుపత్రులను ఎంపిక చేసింది. మనకు అలాంటి చావు జరగాల్సిన పనిలేదు. సంతకం ఎవరిదన్న ప్రశ్న మాత్రం మనకూ ఉంది. మేజరైన స్త్రీ వైద్యానికి ఆమె సమ్మతే ముఖ్యమనీ, ఆమె మత్తులో ఉన్నప్పుడు తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదనీ 2008లోనే సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చింది. లేబర్ రూమ్ బయట ఇప్పటికీ కాగితం పట్టుకుని వెతికేది భర్త కోసమో అత్త కోసమో.

జపాన్ సంగతి కూడా చెప్పుకోవాలి. మనకంటే ఎన్నో రెట్లు ధనిక దేశం, అయినా నొప్పి పడితేనే తల్లితనం గట్టిపడుతుందన్న నమ్మకం అక్కడ బలంగా ఉండి, ఎపిడ్యూరల్ వాడకం చాలాకాలం పదిశాతం లోపే ఉండిపోయింది. ఫ్రాన్స్‌లో పదిమందిలో ఎనిమిదిమంది, అమెరికాలో ఏడుగురు తీసుకుంటుంటే ఇదీ పరిస్థితి. 2025లో టోక్యో నగర ప్రభుత్వం నొప్పిలేని కాన్పుకు డబ్బు సాయం మొదలుపెట్టింది. మనసు మారేదాకా డబ్బు ఆపలేదు, డబ్బు పెట్టి మనసు మారుతుందేమో చూస్తోంది.

మనవాళ్ల మనసు ఎంత త్వరగా మారుతుందో చూడాలంటే టోక్యో దాకా అక్కర్లేదు, అమెరికాలో కూతురి పురుడుకు వెళ్లొచ్చిన తిరుపతి తల్లుల్ని అడిగితే చాలు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో, నర్సు వచ్చి "నొప్పి పదికి ఎంత?" అని కూతుర్ని అడగడం వాళ్లకు మొదటి వింత. సూది వేశాక ఆ పిల్ల కునుకు తీయడం రెండోది. ఇక్కడ ఆ సూది పేరు చెబితే నడుము పట్టుకునే తల్లి, అక్కడ ఆరు నెలలుండి వచ్చి, "అదేం లేదమ్మా, మా పాపకు వేసినారు, హాయిగా కనింది" అని వీధికంతా చెబుతుంది. నమ్మకం ఒక్క కాన్పుతో మారిపోయింది, ఎందుకంటే కళ్లతో చూసింది. ఇక్కడున్న చిన్న కూతురికి మాత్రం ఆ అవకాశం ఎక్కడని అడిగితే ఆమె దగ్గర జవాబుండదు.

జవాబు మత్తు డాక్టరు దగ్గర ఉంది. ఎపిడ్యూరల్ వేసి వదిలేయడానికి లేదు. వేసినవాళ్లు, లేదా శిక్షణ ఉన్నవాళ్లు, గంటలకొద్దీ రక్తపోటూ బిడ్డ గుండెచప్పుడూ చూస్తూ ఉండాలి. సిజేరియన్ అయితే గంటలో ముగుస్తుంది. నొప్పులు రాత్రి రెండింటికి మొదలై మర్నాడు సాయంత్రం దాకా సాగొచ్చు. చిన్న నర్సింగ్ హోముల్లో మత్తు డాక్టరు పిలిస్తే వచ్చేవాడే గాని అక్కడే ఉండేవాడు కాదు. మూడుచోట్ల తిరిగి మత్తులిచ్చే మనిషిని పన్నెండు గంటలు ఒక మంచం దగ్గర కూర్చోబెట్టడం ఆ ఆసుపత్రికి గిట్టుబాటు కాదు. ప్రభుత్వ వైపు కొరత ఎంతటిదంటే, ఎంబీబీఎస్ డాక్టర్లకు 18 వారాల శిక్షణ ఇచ్చి అత్యవసర మత్తు ఇప్పించే పథకం కేంద్రమే పెట్టాల్సివచ్చింది. ఆ పథకం ప్రాణాలు కాపాడింది. దాని లక్ష్యమంతా ఆపరేషన్ బల్ల. పురిటి మంచం దానిలో లేదు. పుత్తూరులోనో సత్యవేడులోనో పుంగనూరులోనో ఎపిడ్యూరల్ అడగడం ఇవాళ్టికి గొంతెమ్మ కోరికే. తిరుపతిలో మాత్రం కాదు. మత్తు వైద్యంలో పీజీ చదువులున్న బోధనాసుపత్రులు ఒకటికి రెండున్న ఊరది. కడప, నెల్లూరు, అన్నమయ్య జిల్లాల నుంచి కష్టమైన కాన్పులు చాలా వచ్చి పడేదీ అక్కడికే. లేబర్ రూముకంటూ విడిగా ఒక మత్తు డాక్టరును ఇరవైనాలుగు గంటలూ ఉంచడం రాష్ట్రంలో మొదలుపెట్టాలంటే అంతకంటే తగిన చోటు ఏది?

సహజ ప్రసవం కావాలనేవాళ్ల వాదనను కూడా ఇక్కడే లెక్కలోకి తీసుకోవాలి, ఎందుకంటే దానిలో బలం ఉంది. హైదరాబాద్ ఫెర్నాండెజ్ సంస్థ నర్సుల్ని మిడ్‌వైఫ్‌లుగా తీర్చిదిద్దింది, 2017లో తెలంగాణ ప్రభుత్వంతో కలిసి ఆ శిక్షణను సర్కారు ఆసుపత్రులకు తెచ్చింది. మరుసటి ఏడాది కేంద్రం మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ప్రకటించింది. వాళ్లు చెప్పేది నడక, బంతి మీద కూర్చోవడం, నడుము మర్దన, గోరువెచ్చని నీళ్లు, అన్నిటికీ మించి పక్కన ఒక మనిషి. 17 దేశాల్లో 15 వేల మందికి పైగా తల్లుల మీద జరిగిన 26 పరిశోధనలను 2017లో కలిపి చూస్తే, కాన్పు సాగినంతసేపూ తోడున్నవాళ్లకు సిజేరియన్లు తగ్గాయి, నొప్పి మందుల అవసరం కూడా తగ్గింది. తాయుమానవర్ కథలో శివుడు చేసిందీ అదే, మందు ఇవ్వలేదు, పక్కన ఉన్నాడు. 2017 చివర్లో మొదలైన కేంద్రం లక్ష్య కార్యక్రమం లేబర్ రూములోకి తోడును రానివ్వమంటోంది. ఒక గదిలో పక్కపక్కనే బల్లలు, మధ్యలో తెర కూడా లేని చోట తోడును రానివ్వడం ఎలాగని సిబ్బంది అడిగే ప్రశ్న న్యాయమైనదే. కాబట్టి తెరలకు డబ్బు పెట్టాలి.

నేను ఒప్పుకోనిది వీళ్లలో కొందరు వాడే స్వరం. మందు తీసుకున్న తల్లి ఓడిపోయినట్టూ, తీసుకోనిది గెలిచినట్టూ మాట్లాడితే, అవ్వ నోట్లోని కొంగును ఇంగ్లీషు చదువుకున్న మనవరాలి నోట్లో కుక్కడమే అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో ఈ పోటీ లేదు. మర్దనా, శ్వాస సాధనా, ఓపియాయిడ్ సూదులూ, ఎపిడ్యూరలూ అన్నీ ఒకే వరసలో ఉన్నాయి, ఏది కావాలో తల్లి చెప్పాలి.

తల్లి చెప్పాలంటే నొప్పులు మొదలయ్యాక అడిగితే లాభం లేదు, అప్పటికి ఆమె దేనికైనా సంతకం పెడుతుంది. అడగడానికి వేళ ముందే ఉంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. రక్తం చూస్తారు, బీపీ చూస్తారు, ఐరన్ మాత్రలు ఇస్తారు. బయట బెంచీ మీద అమ్మో అత్తో వేచి ఉంటారు. ఆ రోజే ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టి, ఎపిడ్యూరల్ గొట్టం ఎలా ఉంటుందో చూపించి, తలనొప్పి సంగతి దాచకుండా పది నిమిషాలు మాట్లాడటానికి కొత్త పథకం అక్కర్లేదు. ఏరియా ఆసుపత్రుల్లోనైతే ముందు ఎంటోనాక్స్ సిలిండరు, దాన్ని వాడటం తెలిసిన నర్సు. విన్నాక వద్దనేవాళ్లు చాలామందే ఉంటారు, అది వాళ్ల ఇష్టం. వాళ్లకు కూడా పక్కన ఒక మనిషి, కుట్లు వేసేముందు మత్తు ఎటూ ఉండాల్సిందే.